లారీ ఎక్కిన ఆనవాలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి లోకమంతా తన కంప్యూటరు తెరలో ఇమిడిపోయిందనిపిస్తుంది. నాకైతే మరీనూ. నర్సరీల ఊరు కడియంలో సర్వేయరుగా నేను చేసిన తెలివితక్కువ పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, చెట్టు కదలదని నమ్మాను. (నవ్వకండి, బళ్లో అలాగే చెప్పారు.)

పంచాయతీ మ్యాపు, రెవెన్యూ మ్యాపు, కాలువల శాఖ మ్యాపు మూడింటినీ పూతరేకుల్లా ఒకదానిమీద ఒకటి పరిచి పైకి పంపమన్నారు. పొరలు కుదరాలంటే నేలమీద కదలని గుర్తొకటి కావాలి. డ్రోను ఫొటోలో మా నర్సరీ పిన్నిగారి తోటలో దిట్టమైన ఖర్జూరపు చెట్టు కనిపించింది. టేపు పట్టుకెళ్లి, కాలువ నుంచి ఆ చెట్టుకెంత దూరమో కొలిచి, కాలువ మ్యాపును దానికే కట్టేశాను. అంతే, మ్యాపులో కాలువ పొడవునా పక్కకు జరిగి పిన్నిగారి తోటలోంచి పారింది. గట్టు ఆక్రమించారంటూ ఆవిడకు నోటీసూ వచ్చింది.

"ఏంటి బాబూ ఇది? మా మావగారి నాటి నుంచీ పొడినేల మీదున్నదాన్ని, నన్ను నీళ్లలో దింపేశావేంటి?"

"ఆ ఖర్జూరపు చెట్టును బట్టేనండి పిన్నిగారూ..."

"ఫొటోలో చెట్టా? అది వేళ్లకు గోనె చుట్టించుకుని, లారీ ఎక్కి పుణె వెళ్లిపోయిందయ్యా! నువ్వు కొలిచింది ఇంకో మూలనున్న దాని చెల్లెల్ని. కడియమొచ్చి చెట్టును నమ్మినవాణ్ణి నిన్నే చూశాను!"

దిద్దించడానికి మండలానికి పరిగెత్తాను. "జిల్లాకు వెళ్లిపోయిందండి," అన్నారు. జిల్లాలో మ్యాపుల అధికారి (చాటుగా అందరం 'అక్షాంశంగారు' అనేవాళ్లం) కళ్లజోడు పైనుంచి చూసి, "రాష్ట్రానికి ఎక్కేసిందయ్యా. ఎక్కిన మ్యాపు దిగదు. నేలనే సర్దుకోమను," అన్నారు. రాష్ట్రానికి ఫోన్ చేస్తే, "గ్రామస్థాయిలో దిద్దుకోండి," అన్నారు. గ్రామస్థాయి అంటే నేనే!

సోమవారం మొక్కలు పీకించేస్తారని పిన్నిగారికి కబురొచ్చింది. శనివారం జిల్లా సమావేశం. నా వంతు రాగానే అదే మ్యాపును గోడమీద వేసి, కాలువ వెంటే నెమ్మదిగా పట్నం దాకా జరుపుకుంటూ వచ్చి ఆగాను.

"ఇక్కడ ఇంకో ఆక్రమణ కనబడుతోందండి."

అక్షాంశంగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఎవడయ్యా వాడు? నోటీసిచ్చారా?"

"ఇంకా లేదండి. తమరి క్వార్టర్సండి. వంటగది నిలువునా కాలువలో ఉందండి. ఎక్కిన మ్యాపు దిగదు కదండీ, అమ్మగారినే కాస్త సర్దుకోమనాలేమోనండి."

సాయంత్రానికల్లా మ్యాపు దిగింది. సోమవారం పిన్నిగారి తోటకు ఎవరూ రాలేదు. నిండు సభలో ఆ మాట ఎలా అనగలిగానో నాకిప్పటికీ అంతుబట్టదు. ఇప్పుడైతే "చిత్తమండి" అనేసి, టీ బిస్కట్లు ఎప్పుడొస్తాయా అని తలుపువైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.