నాలుగో వీధి సాయమ్మ రాయి

2023 ఎండాకాలం. బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావికి పోయే దారిలో నా దుకాణం. గ్రానైటు మీద పేర్లు చెక్కడం నా వృత్తి. ఇంటి గేటు పక్కన పెట్టే నేమ్‌ప్లేటు నుంచి శంకుస్థాపన ఫలకం దాకా అన్నీ చేస్తాను. నేను చెక్కిన శంకుస్థాపన రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక ఫ్లైఓవర్ లేస్తుంది. ఆ రాళ్ల మీద రాసిన ఫ్లైఓవర్లు మాత్రం కొన్ని ఇంకా లేవలేదు.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రాయి మీద రబ్బరు షీటు అతికిస్తాం. దాన్ని స్టెన్సిల్ అంటాం. అక్షరాలు ఉండాల్సిన మేర రబ్బరు కోసి తీసేసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. అది శాండ్‌బ్లాస్టింగ్. రబ్బరు కప్పినచోట రాయికి ఏమీ కాదు, తీసినచోట ఇసుక తినేస్తుంది. ఒకసారి తిన్నాక ఇక చెరపడం కుదరదు. అందుకే ఉలి, సుత్తె లాగే అనుమానం కూడా మా దుకాణంలో ఒక పనిముట్టే.

యాప్రాల్‌లోని ఒక కాలనీ వాళ్లు నాలుగు రాళ్లకు ఆర్డరు తెచ్చారు. వీధులకు ఏ, బీ, సీ, డీ అనే పేర్లు తీసేసి, చరిత్రలో తొలి అడుగు వేసిన స్త్రీల పేర్లు పెడతారట. వచ్చింది ఇద్దరు: కాలనీ సెక్రటరీ విఠల్ రావు గారు, లెక్కల టీచరుగా రిటైరైన సులోచన గారు. మొదటి మూడు పేర్లు బడి పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉండేవే. నాలుగోది నేను ఎన్నడూ విననిది.

“సాయమ్మ. యాప్రాల్‌ల తాపీ పట్టిన మొదటి ఆడమేస్త్రి” అంది టీచరమ్మ.

పేరు చెక్కే ముందు మేం తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. మనిషి ఉంటే ‘శ్రీమతి’, పోతే ‘కీ.శే.’ పడుతుంది కదా.

“ఉన్నరా, పోయిన్రా అమ్మా?”

“పోయింది” అంది టీచరమ్మ, నా ప్రశ్న పూర్తి కాకముందే. విఠల్ రావు గారు మా దుకాణం పైకప్పు వైపు చూడడం మొదలుపెట్టారు. అక్కడ ఒక సాలెగూడు తప్ప చూడదగ్గది ఏమీ లేదు.

“ఎప్పుడు పోయిన్రు?”

“చానా రోజులైంది జానీ భాయ్. తేదీలు ఎందుకులే.”

మిగతా ముగ్గురికీ పుట్టినదీ పోయినదీ వేయమన్నారు. ఈమెకెందుకు వద్దు? ఫోటో అడిగితే లేదన్నారు. ఇంటివాళ్ల ఫోన్ నంబరు అడిగితే టీచరమ్మ సంచిలో ఏదో వెతుక్కుంది, దొరకలేదు.

మా ఊళ్లో ఖాళీ జాగా కనపడితే ముందు ఎవరిదో పేరున్న రాయి పడుతుంది. తర్వాత జెండా, ఆ తర్వాత గోడ. అట్లాంటి రాయి చెక్కిన పుణ్యానికి ఒకసారి నేను ఠాణాలో కూర్చుని చాయ్ తాగాను. చాయ్ బాగానే ఉంది గానీ రెండోసారి తాగాలని లేదు. నాలుగో వీధి చివర గోడ, దాని వెనక ఖాళీ స్థలం అని తెలియగానే నాకు ఆ ఠాణా చాయ్ గుర్తొచ్చింది. మా ఇసుక మిషన్ నడిపే ఖాజాది ఇంకో భయం. బతికున్న మనిషి పేరు ముందు ‘కీ.శే.’ కొడితే చెయ్యి పడిపోతుందని అతని నమ్మకం. “జెర పోయి చూసిరా భాయ్. నాకున్నయి రెండే చేతులు” అన్నాడు.

కొలతలు తీసుకోవాలనే సాకుతో యాప్రాల్ పోయాను. ఆ గోడ పక్కనే ఇస్త్రీ బండి, దాని నీడలో మంచం మీద ఒక ముసలామె. టేపు తీసి గోడకు ఆనించానో లేదో కేక వచ్చింది.

“ఏందిరా బిడ్డా, నా గోడను గట్ల కొలుస్తున్నవ్?”

ఇదిగో కబ్జా, అనుకున్నాను. “నీ గోడెట్లయితది అవ్వా?”

“నేను కడితే నాదిగాక నీదా?”

“సాయమ్మ అనే ఆమె పేరు మీద రాయి పెడుతున్నరు ఇక్కడ. పాపం, చానా రోజుల కింద పోయిందట.”

ముసలామె మంచం మీద లేచి కూర్చుంది. “పోయిందా? నాకు సుత ఒక మాట చెప్పకుండనే?” అని మంచం ఊగేట్టు నవ్వింది. “సాయమ్మను నేనే. కూసో. సచ్చినోళ్ల చేతి చాయ్ ఎన్నడన్న తాగినవా?”

ఆ చాయ్ తాగుతూ విన్నాను. భర్త కాలు విరిగి పడుకుంటే, అప్పటిదాకా ఇసుక తట్టలు మోసిన సాయమ్మ అతని తాపీ అందుకుందట.

“మొగోళ్లు పని బందువెట్టి కూసున్నరు. ఆడిది కట్టిన గోడ వంగుతదన్నరు. చూడు, వంగిందా?”

నా దగ్గర మట్టం చూసే లెవెల్ ఉంది, పెట్టి చూశాను. వంగలేదు. కాలనీలో అందరికీ ఆమె ఇస్త్రీ బండి అవ్వే. పేరు అడిగింది టీచరమ్మ ఒక్కతేనట. పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. “నన్ను సంపితే సంపిన్రు. పేరు మాత్రం తియ్యనీయకు బిడ్డా. కండ్లున్నప్పుడే ఒకసారి చూసుకుంట.”

అక్కడి నుంచి నేరుగా టీచరమ్మ ఇంటికి పోయాను. “టీచరమ్మా, మీరు సంపిన మనిషి ఇప్పుడే నాకు చాయ్ పోసింది” అన్నాను.

ఆమె తలుపు దగ్గరికి వేసింది. “మెల్లగ మాట్లాడు భాయ్. చనిపోయినోళ్ల పేర్లే పెట్టాల్నని కాలనీల రూలు. లీడర్ల పేర్లు రావద్దని పెట్టుకున్నం. సాయమ్మ ఉన్నదంటే నాలుగో వీధి రత్నమ్మకు పోతది.”

రత్నమ్మ ఎవరంటే, ఈ ప్లాట్లు వేసిన బిల్డరు తల్లి, కాలం చేసింది. ఆమెను ప్రతిపాదించింది బిల్డరు మేనల్లుడు శ్రీకాంత్. ఆమె మొదట చేసిన పనేమిటని అడిగితే “కాలనీల మొదటి ప్లాటు కొన్నది” అన్నాడట. కొన్నది సొంత కొడుకు దగ్గరే.

“సాయమ్మ పోయేదాక ఆగుమంటరా? నీకేం తక్లీఫ్, నువ్వు చెక్కు” అంది.

నాకు అనుమానం పోలేదు. పేపర్లో ఫోటో కోసమా? విఠల్ రావు గారి పైకప్పు చూపు ఏమిటి? రేపు గొడవైతే ఇద్దరూ ‘ఆ రాయి చెక్కినోడే చెప్పాలె’ అంటారా? ఎటూ తేలక, ‘శ్రీమతి’ గానీ ‘కీ.శే.’ గానీ లేకుండా, ఉత్త ‘సాయమ్మ వీధి’ అని మాత్రం కొట్టించాను. కింద చిన్న అక్షరాల్లో ‘తొలి మహిళా మేస్త్రి’. ఖాజా రెండు చేతులతో ధైర్యంగా కొట్టాడు. గోడలోకి గాడి కోసి, రాయి అతికించే ఎపాక్సీ జిగురుతో బిగించాను. అది గట్టిపడితే రాయి ఊడదు, గోడ ఊడాలి.

ఆదివారం పొద్దున గుడ్డ తీశారు. చప్పట్లు ఆగకముందే శ్రీకాంత్ ముందుకొచ్చాడు. అతను ఉండేది ఏ.ఎస్. రావు నగర్‌లో, కాలనీకి మీటింగులకే వస్తాడు.

“మిగతా మూడిట్ల తేదీలున్నయి, దీంట్ల లేవు. అసలు ఈ సాయమ్మ పోయిందా టీచరమ్మా, లేక ఉత్త కథనా?”

టీచరమ్మ మళ్లీ సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. నేను నా పనిముట్ల సంచి భుజానికి వేసుకున్నాను. పారిపోయే ఉద్దేశం లేదు గానీ దగ్గర ఉంటే మంచిదని. శ్రీకాంత్ చుట్టూ చూసి, అందరికంటే పెద్దామెను ఎంచుకున్నాడు.

“అవ్వా, నువ్వు చెప్పు. ఈ సాయమ్మ నీకు ఎర్కనా?”

“ఎర్కే. మంచి పనిమంతురాలు. నోరే జెర దురుసు.”

“ఎప్పుడు పోయింది?”

సాయమ్మ టీచరమ్మను చూసింది, రాయిని చూసింది. “పోలే బిడ్డా. నీ ఎదురుంగనే ఉన్న.”

ఒక్కసారి గోల లేచింది. “జూటా రాయి! తియ్యుండ్రి దీన్ని!” అని శ్రీకాంత్ నా వైపు తిరిగాడు. నేను జిగురు సంగతి చెప్పబోయేలోపే సాయమ్మ కర్ర పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.

“ఆయనెందుకు, నువ్వే తియ్యి. గోడ నేను కట్టిన. ఎట్లొస్తదో నేను సుత చూస్త.”

అప్పుడు విఠల్ రావు గారు పైకి చూడడం మానేసి మొదటిసారి మనుషుల వైపు చూశారు.

“ఆ రూలు రాసింది నేను. నా ఇంటి గోడలు కట్టింది ఈమె. ఉన్నదని నాకు తెలుసు, నోరు తెరవలే. తప్పు టీచరమ్మ ఒక్కదానిది కాదు. లీడర్ల కోసం పెట్టిన రూలు ఈమెకెందుకు? అవ్వా, ఎలక్షన్ల నిలబడతవా?”

“మోకాళ్లు మామూలుగనే నిలబడనిస్తలేవు సారూ.”

నవ్వుల్లోనే, రాయి ఉండాలని చేతులు లేచాయి. ఇస్త్రీ బట్టలు ఇచ్చే ఇళ్ల ఆడవాళ్లవే ముందు లేచాయి. శ్రీకాంత్ కారెక్కాడు. రత్నమ్మ పేరు తర్వాత క్లబ్‌హౌస్‌కు పెట్టారు. ఆ రాయీ నేనే చెక్కాను.

జనం పోయాక సాయమ్మ నన్ను పిలిచి, “దీంట్ల ‘సా’ ఏది?” అని అడిగింది. వేలు పట్టి చూపించాను. ఆ ఒక్క అక్షరాన్ని అరచేత్తో కాసేపు తడిమింది. తర్వాత రాయి కింది అంచు తడిమి, “ఇక్కడ సందున్నది, నింపు” అంది. నింపాను.

ఆ కేసులో నేను కబ్జాను అనుమానించాను, ఫోటో పిచ్చిని అనుమానించాను, సాలెగూడును కూడా అనుమానించాను. అబద్ధం నిజంగానే ఉంది. అయితే అది ఎవరికోసమో ఆ దుకాణంలో కూర్చుని ఎంత ఆలోచించినా నాకు తట్టేది కాదు. అందుకే ఇప్పుడు ఏ పేరు మీద అనుమానమొచ్చినా ఆర్డరిచ్చినవాళ్లతో వాదన పెట్టుకోను. రాయి మీదికి ఎక్కబోయే మనిషిని వెతుక్కుంటూ పోతాను. చాలాసార్లు ఆ దారి శ్మశానం గేటు దగ్గరే ఆగుతుంది. అయినా పోయి వస్తాను.