ఓబులేసు ఇంటికి పంపిన టైపు మిషను

తొంభైల నడిమి సంగతి. జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను హెడ్ క్లర్కుని. ఇప్పుడు ఇంటి నుంచి పని అంటే అందరికీ తెలుసు, కంపెనీలు దానికి నియమాలు కూడా రాసుకున్నాయి. మా రోజుల్లో ఆ మాటే లేదు. అయినా నేను ఒక మనిషి చేత ఆరు వారాలు ఇంట్లోనే ఆఫీసు పని చేయించాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. కొద్దిలో అతని కొంప ముంచేదాన్ని.

మా టైపిస్టు పేరు ఓబులేసు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, తెలుగు టైపు హయ్యర్ పరీక్ష పాసై వచ్చినవాడు. తండ్రి లేడు. తల్లి నాగమ్మ రోజూ బస్సెక్కి వచ్చి జమ్మలమడుగులో పెరుగు అమ్మేది. వాళ్ల ఊరి పెద్దది ఒక పార్టీ, బస్సు దారిలో తగిలే ఊరి పెద్దది ఇంకో పార్టీ. ఆ ఏడు రెండూళ్ల మధ్యా ఒక హత్య జరిగింది. అప్పటినుంచి బస్సులు ఆపి మగవాళ్లను ఏ ఊరని అడగడం మొదలైంది. ఓబులేసు ఏ నాయకుడి వెంటా తిరిగినవాడు కాదు. కానీ ఊరి పేరు చెబితే చాలు, ఏ పార్టీయో వాళ్లే తేల్చేవాళ్లు. పది రోజులు అతను ఆఫీసుకు రాలేదు.

మా ఆఫీసరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. నన్ను పిలిచి, "ఓబులేసుకు ఛార్జి మెమో తయారు చేయండమ్మా" అన్నారు. ఛార్జి మెమో అంటే ఉద్యోగం ఊడబెరకడానికి మొదటి మెట్టు. దారిలోని ఊరి పెద్దమనిషి ఫోను చేశాడని, ఆ కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టాలని చూస్తున్నాడని ఆఫీసంతా తెలుసు. నాకు ఒళ్లు మండింది.

"మీరు ఊళ్లు తిరగడానికి పోయినప్పుడు హాజరు పట్టీలో ఏం రాస్తాం సార్?"

"క్యాంపు అని రాస్తారు."

"మిషను ఇంటికి పంపిస్తే ఓబులేసు అక్కడే పని చేస్తాడు. అతనికీ అదే రాస్తా. టైపిస్టు క్యాంపు పోకూడదని రూలుంటే చూపియ్యండి."

అక్కడే ఒక కాగితం రాసి ఆయన ముందు పెట్టాను. "మిషను పోతే మీ జీతంలో కోస్తాను" అంటూ ఆయన దాని మీద సంతకం పెట్టారు.

అలా మిషను ఓబులేసు ఇంటికి చేరింది. ఎంత పగ ఉన్నా ఆడవాళ్ల జోలికి పోకూడదన్న కట్టుబాటు అప్పటికింకా ఉండేది. నాగమ్మ పొద్దున పెరుగు గంపలో టైపు కొట్టిన కాగితాలు తెచ్చేది, తిరిగి పోతూ నేను రాసిచ్చిన చిత్తు ప్రతులు పట్టుకుపోయేది. ఆఫీసులో రెండు రోజులు పట్టే పని ఒక్క రోజులో వచ్చేది. నేను నా తెలివికి మురిసిపోయాను.

నెల దాటాక నాగమ్మ ఒకరోజు గంప దించి నిలబడిపోయింది. "మావోడు బువ్వ గూడా మిషన్ కాడే తింటాండాడు మా. ఎవురితోనూ మాట్లాడల్యా. శానా దిగులుగా ఉండాడు" అంది. పని అలవాటు పడితే సర్దుకుంటాడులే అన్నాను. పని వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరువాత వారం టపాలో ఒక ఆకాశరామన్న అర్జీ వచ్చింది. దారిలోని ఊరి పెద్దమనిషి పోరంబోకు భూములు మింగాడని అందులో పెద్ద ఫిర్యాదు. చదువుతూ అక్షరాల దగ్గర ఆగిపోయాను. తలకట్లన్నీ అక్షరం మీద కూర్చోకుండా కుడివైపుకు జరిగి పడ్డాయి. ఆ జబ్బు మా మిషనుకే ఉంది. ఇంకొకరు ఈ సంగతి పసిగడితే ఓబులేసు ఉద్యోగం పోవడం ఖాయం. ప్రాణానికి కూడా భరోసా లేదు.

ఆ మధ్యాహ్నమే నాగమ్మతో పాటు బస్సెక్కాను. ఓబులేసు ముందు అర్జీ పెట్టి, "నువ్వు కొట్టిందేనా ఇది?" అన్నాను.

అతను అబద్ధమాడలేదు. "నేనే మేడమ్. మా ఊరి పెద్దాయన మనుషులు వచ్చి వాకిట్లో కూసున్న్యారు. ఆఫీసులో ఉన్నెప్పుడు నన్ను ఇట్ల అడిగినోడు ల్యా. ఈడ మిషన్ చప్పుడు ఊరంతా ఇనపడ్తాంది. కొట్టనంటే మా యమ్మ ఈ ఊర్లో ఎట్ల బతుకుతాది?"

ఒక పార్టీ నుంచి తప్పిస్తున్నాననుకుని అతన్ని తీసుకెళ్లి ఇంకో పార్టీ చేతుల్లో పెట్టింది నేనే.

"ఉద్యోగం పోతాదా మేడమ్?"

"పోనియ్యను. లెయ్, మిషన్ ఎత్తు."

అతను మిషను మోసుకొచ్చి బస్సు ఆగే చోట దించాడు. పెద్దాయన మనిషి ఒకడు అడ్డం వచ్చాడు. "మిషన్ యాడికి తీస్కపోతాండావు మా?"

"గవర్నమెంటుది. దాని తావుకే పోతాంది. అడ్డం లెయ్ నాయనా."

వాడు నావైపూ నాగమ్మవైపూ చూసి తప్పుకున్నాడు. ఓబులేసు బస్సెక్కే వీల్లేదు కాబట్టి నేనూ నాగమ్మా చెరోపక్క పట్టుకుని దాన్ని బస్సులోకి ఎక్కించాం. జమ్మలమడుగులో దిగి దాన్ని ఆఫీసులో పెట్టించి తాళం వేశాను.

మర్నాడు ఆఫీసరుకు జరిగిందంతా చెప్పాను. సంతకం లేని అర్జీ మీద చర్య తీసుకోనక్కర్లేదని రూలుంది. ఆ రూలు రాసి ఫైలు మూయవచ్చు. కానీ మిషను పంపిన తప్పు నాది.

"మెమో ఇస్తాను మీకు" అన్నారాయన కోపంగా.

"తీసుకుంటా సార్. ఓబులేసును ప్రొద్దుటూరు ఆఫీసులో కూర్చోబెట్టి మన పని చేయించుకునేలా ఆర్డరు కూడా ఇయ్యండి. ఆ ఊరు తగలకుండా ప్రొద్దుటూరుకు వేరే దారి ఉంది. ఆడ అతను ఏ ఊరివాడో ఎవరికీ పట్టదు."

రెండు కాగితాలూ చేతికొచ్చేదాకా ఆ గదిలోంచి కదల్లేదు.

ప్రొద్దుటూరులో చిన్న గది బాడుగకు తీసుకుని తల్లీకొడుకులు అక్కడికి మారారు. వారం తరువాత చూడబోయాను. సాయంత్రం ఐదున్నరకు ఓబులేసు మిషను మీద గుడ్డ కప్పి లేచాడు. పక్క టేబులు గుమాస్తా ఏదో పరాచికమాడితే గట్టిగా నవ్వాడు. అతని నవ్వు విని రెండు నెలలైంది.

ఆ మెమో నా సర్వీసు రిజిస్టరులో ఉండిపోయింది. దానికి నాకు బాధ లేదు. ఇంటికి పని పంపేటప్పుడు ఆ ఇంట్లో బల్ల ఉందా, దీపం ఉందా, కాగితాలు భద్రంగా ఉంటాయా అని అన్నీ అడిగాను. ఆ ఇంటి వాకిట్లోకి వచ్చి ఎవరైనా తప్పుడు పని చెయ్యమంటే కాదనే ధైర్యం అతనికి ఉంటుందా అని మాత్రం అడగలేదు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.