సుగుణ ఇచ్చిన ఆర్డరు

"ఒక్కరోజు కూర్చోబెట్టి మర్నాడు లేపేసే కుర్చీ ఎందుకండీ ఆ పిల్లకి?" అన్నాను నేను.

"ఒక్కరోజైనా కూర్చోనివ్వండి ఆయమ్మా. మీ సొమ్మేం పోయింది?" అంది కరుణ టీచరు.

"నా సొమ్ము పోతే ఊరుకుంటానా? ఆ పిల్ల సోమవారం నుంచి బడి మానేస్తందంట. వాళ్ళమ్మ కోతలకి పోద్ది. చంటోణ్ణి ఈ పిల్లే ఎత్తుకోవాలి. తెలిసి తెలిసి ఆశ పెడతారేంటి?"

"తెలుసు కాబట్టే పెడుతున్నా. మీరు చీరివ్వండి చాలు. పెట్టెలో మడతపెట్టి ఉంచుకున్నారుగా నేత చీర, మడత విప్పడానికే మీకు ప్రాణం పోద్ది."

"విప్పితే నలిగిపోద్ది" అన్నాను. కానీ ఇచ్చాను.

ఇది 1968 నవంబరు సంగతి. అప్పుడు నేను రేపల్లెలో ఒక ఆడపిల్లల ఎలిమెంటరీ స్కూల్లో ఆయాని. మాది కర్లపాలెం దగ్గర పల్లె. నా చదువు మూడో తరగతితో ఆగింది. ఆయా అంటే గంట కొట్టడం, గదులు ఊడవడం, కుండల్లో నీళ్ళు నింపడం అనుకుంటారు. స్కూల్లో జరిగే పండగలన్నిటి పని కూడా ఆయాదే. ఆగస్టు పదిహేనుకి జెండా కాగితాలు దారానికి అంటించాలి. చవితికి పిల్లలు తెచ్చిన పత్రి ఏరిపెట్టాలి. డిసెంబరులో వెదురుబద్దలతో క్రిస్మస్ నక్షత్రం కట్టాలి. మళ్ళీ జనవరి ఇరవై ఆరు. మైదాపిండి జిగురు నేనే కాచేదాన్ని. పండగైపోయాక కాగితాలు చిరక్కుండా ఊడదీసి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. ఆ డబ్బాతోనే నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. కొత్త కాగితం కొనమని నేను ఎవర్నీ అడగలేదు.

అన్నిటిలోకీ పిల్లలు ఎదురుచూసేది నవంబరు పద్నాలుగు. ఆ రోజు స్వపరిపాలన దినం. అంటే ఆ ఒక్కరోజూ స్కూలు పిల్లలే నడుపుతారు. ఐదో తరగతి పిల్లలు చీరలు కట్టుకుని టీచర్లవుతారు, ఒకమ్మాయి హెడ్మిస్ట్రెస్ అవుతుంది, ఒక చిన్నపిల్ల ఆయా అయి గంట కొడుతుంది. టీచర్లు వెళ్ళి పిల్లల వరసలో కూర్చుంటారు. ఆ రోజు హెడ్మిస్ట్రెస్ ఏం చెబితే అది ఆర్డరు. అందరూ వినాల్సిందే.

ఆ ఏడు హెడ్మిస్ట్రెస్ సుగుణ. వాళ్ళ నాన్న నాగయ్య రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. పిల్ల చదువులో చురుకు. ఒకటో తరగతిలో చేరిన కొత్తల్లో తన వెనక పుట్టిన చెల్లిని కూడా వెంట తెచ్చేది. అప్పట్లో చాలామంది అలాగే తెచ్చేవాళ్ళు. ఆ ముందు ఏడాది ఇన్స్పెక్షన్ జరుగుతుండగా, అంటే పై ఆఫీసు నుంచి ఇన్స్పెక్టరుగారు వచ్చి పాఠాలు చూసేటప్పుడు, ఎవరి తమ్ముడో ఆయన బూట్ల దగ్గరే తడిపేశాడు. ఆయన ముఖం చిట్లించి వెళ్ళారు. అప్పటినుంచి చంటిపిల్లలతో బడికి రాకూడదని పెద్ద టీచరుగారు గట్టిగా చెప్పేశారు. పెద్ద టీచరుగారంటే మా అసలు హెడ్మిస్ట్రెస్. ఆవిడ చెడ్డమనిషి కాదు. భయస్తురాలు.

నా నేత చీర సుగుణకి రెండు చుట్లు ఎక్కువైంది. కరుణ టీచరు నడుం దగ్గర దోపి పిన్నులు పెట్టింది. అద్దాల్లేని కళ్ళజోడొకటి ఎవరో తెచ్చారు. పిల్ల కుర్చీలో కూర్చుని, "ఆ వెనక వరసలో ఎవరమ్మా మాట్లాడేది? లేచి నిలబడు" అంది. లేచింది పెద్ద టీచరుగారు. స్కూలంతా గొల్లుమంది. నాకు ఆ రోజు పని లేదు. వసారాలో కూర్చుని చూస్తున్నాను.

మధ్యాహ్నం కొంతమంది తల్లిదండ్రులు వేడుక చూడటానికి వచ్చారు. నాగయ్య మిల్లు నుంచి ఇంటి మీదుగా అలాగే వచ్చాడు, ఒంటి నిండా తవుడు. భుజం మీద చంటివాడు. సుగుణ అతన్ని చూసి, "ఆయమ్మా, ఆ నాగయ్యగారిని లోపలికి పిలు" అని ఆయా వేషం వేసిన చిన్నపిల్లకి చెప్పింది.

"ఏం నాగయ్యగారూ, మీ అమ్మాయిని బడి మాన్పిస్తున్నారంట?"

నాగయ్య నవ్వు ఆపుకుంటూ తలకి చుట్టిన తువాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "అవునండి మేడమ్ గారూ."

"ఎందుకండీ?"

"వీణ్ణి ఎవరు చూస్తారండీ? వాళ్ళమ్మ కోతలకి పోద్దండి."

"మీరు చూసుకోకూడదా?"

"చూసుకుంటానండి. బస్తా మీద వీణ్ణి కూడా పెట్టుకు మొయ్యమంటే మోస్తానండి."

మళ్ళీ అందరూ నవ్వారు. సుగుణ నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కర్లేదు. రేపటినుంచి వాణ్ణి బడికి తెచ్చుకోమని మీ అమ్మాయికి చెప్పండి. వసారాలో ఉయ్యాల కడతాం. ఆయమ్మ ఊపుతారు. ఇది నా ఆర్డరు."

నాగయ్య ముఖంలో నవ్వు పోయింది. కూతుర్ని చూశాడు. తరవాత పిల్లల వరసలో కూర్చున్న పెద్ద టీచరుగారి వంక చూశాడు. ఆవిడ నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. ఆవిణ్ణి చూసి అందరూ కొట్టారు.

"అట్టయితే పంపిస్తానండి" అన్నాడు నాగయ్య. మాట మెల్లగా వచ్చింది. చంటివాణ్ణి ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుని, గుమ్మం దాటాక కూడా ఒకసారి వెనక్కి తిరిగి దండం పెట్టాడు.

సాయంత్రం లాంగ్ బెల్, అంటే ఇళ్ళకి పంపే గంట, అయ్యాక సుగుణ చీర విప్పి మడతపెట్టి ఇచ్చింది. "ఆయమ్మా, ఉయ్యాలకి కొక్కేలు కావాలా?" అని అడిగింది.

"దూలం ఉందిగా. చాల్లే పో" అన్నాను.

తరవాత బాపట్లలో చేశాను, తెనాలిలో చేశాను, రిటైరయ్యేదాకా ఎన్ని నవంబర్లు చూశానో. ఎన్ని తోరణాలు కట్టమంటే అన్నీ కట్టాను. పిల్లలు కుర్చీ ఎక్కి ఆర్డర్లు వేస్తుంటే మాత్రం నవ్వు రాలేదు. కొత్తగా వచ్చిన టీచర్లకి ఒకటే చెప్పేదాన్ని: అమ్మా, పిల్లల దగ్గర ఆటకి కూడా అవునని తలూపేముందు మర్నాడు ఆ మాట మీద నిలబడగలమా అని చూసుకోండి. మనం ఆటకే చప్పట్లు కొడతాం. తువాలు చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషికి అది ఆటని ఎవరు చెబుతారు? ఈవిడకి చాదస్తం అనుకునేవాళ్ళు కొందరు. అనుకోనీ.

సుగుణ ఆర్డరిచ్చిన మర్నాడు నేను పొద్దున్నే వెళ్ళి వసారా దూలానికి ఉయ్యాల కట్టాను. ఇంట్లో బరువు ఆగే చీర ఆ నేత చీరొక్కటే, దాంతోనే కట్టాను. సుగుణ పలక సంచి ఒక భుజానికి, తమ్ముణ్ణి చంకన వేసుకుని వచ్చింది. వాణ్ణి అందులో పడుకోబెట్టి రెండు ఊపులు ఊపింది. కరుణ టీచరు చూసి నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో పెద్ద టీచరుగారు వచ్చారు.

"ఇదేంటి ఆయమ్మా?"

"నిన్న ఆర్డరిచ్చారు కదండీ."

"నిన్నటిది ఆట. ఇన్స్పెక్టరుగారొస్తే నేనేం చెప్పుకోను? ఒకళ్ళకి కడితే రేపు పదిమంది తెస్తారు. విప్పెయ్."

"కోతలయ్యేదాకా ఉంచుదామండీ" అంది కరుణ టీచరు.

"మీరు ఊరుకోండి" అన్నారావిడ.

నేను ముడి మీద చెయ్యి వెయ్యకముందే సుగుణ తమ్ముణ్ణి ఎత్తుకుంది. "వెళ్ళొస్తానండి" అని ముగ్గురికీ చెప్పి గేటు దాటి వెళ్ళిపోయింది. నేను బల్ల ఎక్కి ముడి విప్పి, చీర మడతపెట్టాను. ప్రేయరు వేళయింది. వెళ్ళి గంట కొట్టాను.