గాలి పైపు, బావ సంతకం

పోయిన నెల మస్కట్‌లో కొత్త లాప్‌టాప్ కొనడానికి వెళ్లాను. దుకాణంలో అమ్ముతున్న మలయాళీ పెద్దమనిషి అట్టపెట్టె మీద చిన్న అక్షరాలు చూపించి, ఇది ఏ దేశం తీసుకెళ్లి పాడైనా అక్కడే ఉచితంగా బాగుచేసి ఇస్తారని, నాలాగా వస్తూ పోతూ ఉండేవాళ్లకు ఇంతకంటే నిశ్చింత ఏముంటుందని అన్నాడు. నేను తల ఊపి డబ్బు కట్టాను. అచ్చం అలాంటి అక్షరాలే ఉన్న పెట్టె ఒకటి కరోనా రోజుల్లో కూడా నా దగ్గర ఉండేది. ఆ వారంటీ పనిచేయలేదని నేను ఫిర్యాదు చేయబోవడం లేదు. అది చక్కగా పనిచేసింది. పనిచేయకుండా ఉంటే బాగుండేదని మాత్రం ఇన్నేళ్లలో చాలాసార్లు అనుకున్నాను.

అప్పుడు నేను సూరత్‌లో ఉన్నాను. కరోనా వచ్చిన రెండో ఏడు వేసవిలో, అక్క కూతురి నిశ్చితార్థానికని పది రోజుల సెలవు పెట్టి, కరోనా పరీక్షకు ముక్కులో పుల్లలు పెట్టించుకుని మరీ మస్కట్ నుంచి వచ్చాను. పది మందితో నిశ్చితార్థం అయిపోయింది, ఆ మర్నాటి నుంచి విమానాలు ఆగిపోయాయి. అక్కావాళ్లది భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు. మా వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లు ఆ సందు నిండా ఉండేవాళ్లు. పక్క సందులోనే ఒక మరమగ్గాల షెడ్డు. దాని చప్పుడు గోడల్లో నుంచి, మంచంలో నుంచి, తాగే నీళ్లలో నుంచి కూడా వచ్చేది. మస్కట్‌లో నేను భవనాల డ్రాయింగులు వేసే కంపెనీలో పనిచేస్తాను. ఫోనులో మీటింగు జరుగుతుంటే మా మేనేజరు, నీ వెనక రైలు ఆగకుండా పోతోందేమిటి అని రోజూ అడిగేవాడు. అతనికి అసలు దిగులు రైలు గురించి కాదు. కంపెనీలో అప్పటికే సగం మందిని పంపించేశారు. చేతిలో ఉన్న ఆసుపత్రి భవనం డ్రాయింగులు నెలాఖరుకు అందకపోతే నా చోట్లో ఇంకొకరిని పెట్టుకోవలసి వస్తుందని మర్యాదగానే చెప్పాడు. ఆ డ్రాయింగులన్నీ నా లాప్‌టాప్‌లో ఉన్నాయి. లాప్‌టాప్ అక్క ఇంట్లో, పప్పుల డబ్బాల పక్కన, ఒక స్టూలు మీద ఉండేది.

సూరత్ గాలిలో దూది ఉంటుంది. నూలుపోగులు విరిగి, సన్నటి నూగుగా మారి, కిటికీ రెక్కల మీద, అన్నం మీద, మనుషుల కనురెప్పల మీద వాలుతుంది. రెండు వారాలు తిరిగేసరికి నా లాప్‌టాప్ ఆ నూగునంతా పీల్చి, కాసేపు పని చేస్తే చాలు పెనంలా కాలిపోయి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. అక్క తడిగుడ్డ వేద్దామా అంది. జ్వరం వచ్చిన పిల్లవాడిని చూసినట్టు దాని చుట్టూ చేరి అందరూ తలా ఒక వైద్యం చెప్పారు.

మా బావ మాత్రం ఏ వైద్యమూ చెప్పలేదు. ఆయన పాండేసరలో ఒక మగ్గాల షెడ్డులో మాస్టర్, అంటే మగ్గం ఆగితే దాన్ని మళ్లీ ఆడించే మనిషి. ఎప్పుడో పదహారేళ్ల వయసులో వచ్చి, కండెలు చుట్టే పని నుంచి అక్కడికి ఎదిగాడు. చదువు నాలుగో తరగతి. ఇనుము మీద చెయ్యి పెట్టి లోపల ఏం అరిగిందో చెప్పేవాడు. పనిముట్లను అంత జాగ్రత్తగా చూసే మనిషిని నేను మా ఆఫీసులో కూడా చూడలేదు. ఇంట్లో కత్తెరకు సైతం నూనె వేసి, గుడ్డ చుట్టి పెట్టేవాడు.

ఒకరోజు సాయంత్రం ఏమీ తోచక బావకు టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో ఆ షెడ్డుకు వెళ్లాను. అక్కడ పని దిగేవాళ్లకు ఒక అలవాటు ఉంది. మగ్గాల మీద పేరుకున్న నూగును కంప్రెసరు గాలి పైపుతో ఊది శుభ్రం చేస్తారు. ఆ తర్వాత అదే పైపుతో తమ బట్టలు, జుట్టు, చెవుల వెనక కూడా ఊదుకుని, కొత్త మనుషులై బయటికి వస్తారు. ఒక్క నిమిషంలో మగ్గం నల్లగా నిగనిగలాడడం చూసి నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మర్నాడు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. బావ నా చేతిలో సంచి చూడగానే నా ఉద్దేశం కనిపెట్టాడు.

"జర ఆగు బామ్మర్దీ. కంప్రెసరు టాంకీల నీళ్లుంటయి. ముందుగాల కింద నల్ల ఇప్పి నీళ్లు ఇడిసిపెట్టాలె. గాలి గూడ తగ్గించాలె. మగ్గం అంటే ఇనుము, తట్టుకుంటది."

ఇంకో మగ్గం దగ్గర దారం తెగిందని ఎవరో పిలిస్తే, వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి అటు వెళ్లాడు. నేను ఆగలేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మధ్య బతుకుతున్న నాకు, మగ్గాల మాస్టర్ వచ్చి లాప్‌టాప్ సంగతి చెప్పడమేమిటన్న చిన్న పొగరు ఉంది. దానికి పెద్ద పేరేదీ పెట్టనక్కర్లేదు, పొగరే. పైపు అందుకుని, లాప్‌టాప్ పక్కనున్న సన్నటి కిటికీల్లాంటి సందుల్లోకి గురిపెట్టి నొక్కాను. లోపలి ఫ్యాను ఈల వేసినట్టు గిర్రున తిరిగి, చిటుక్కుమని ఆగింది. నూగుతో పాటు నూనె కలిసిన నీళ్లు తుంపరగా లోపలికి వెళ్లడం నా వేళ్లకు తెలిసింది. బావ తిరిగొచ్చి, తడిసిన సందులను చూసి, నన్ను చూసి, తన మెడలోని తువ్వాలు ఇచ్చాడు. ఆ తర్వాత అది వెలగలేదు.

ఇంట్లో మాత్రం దానంతటదే పోయిందని చెప్పాను. బావ పక్కనే ఉండి అన్నం తింటున్నాడు, తింటూనే ఉన్నాడు.

వారంటీ ఉంది కదా అని ఫోన్ చేస్తే, నా లాప్‌టాప్ నంబరు ఈ దేశం పుస్తకాల్లోనే లేదన్నారు. సూరత్ నాకు స్వదేశమే గానీ దానికి పరదేశం. కొన్న బిల్లు, పాస్‌పోర్టులో నేను వచ్చినట్టు కొట్టిన ముద్ర, ప్రయాణంలో ఉన్నానన్న అర్జీ, ఇవన్నీ పంపితే దాన్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుస్తారట. బిల్లు మస్కట్‌లో నా గదిలో ఉంది. నా గదిలో ఉండే మిత్రుడు వెతికి వెతికి ముందు మిక్సీ బిల్లు, తర్వాత దుప్పట్ల బిల్లు, ఆ తర్వాత తన పళ్ల డాక్టరు చీటీ ఫోటోలు తీసి పంపాడు. అసలు బిల్లు మూడో రోజు దొరికింది. మేనేజరుకు మాత్రం రోజూ, ఇక్కడ కరెంటు సరిగా లేదని రాస్తూ వచ్చాను. అబద్ధాలకు నేను అప్పటికే అలవాటు పడుతున్నాను.

సర్వీస్ సెంటర్ ఆల్థాన్‌లో. బావ పని మానుకుని స్కూటర్ మీద తీసుకెళ్లాడు. నేల మీద గీసిన తెల్లటి గుండ్రాల్లో నిలబడి, మా వంతు వచ్చాక లాప్‌టాప్ ఇచ్చి వచ్చాం. మీటల మీద అరబ్బీ అక్షరాలు చూసి అక్కడివాళ్లు దాన్ని చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా మర్యాదగా పట్టుకున్నారు. రెండు రోజులకు మళ్లీ పిలిచారు. కౌంటరు వెనక ముప్పై, ముప్పై ఐదేళ్ల గుజరాతీ ఆమె, ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. లాప్‌టాప్ అడుగు విప్పి ఉంది. లోపల ఒక చిన్న కాగితపు చుక్క చూపించింది. పొడిగా ఉంటే తెల్లగా ఉంటుందట, నీళ్లు తగిలితే ఎర్రబడుతుందట. అది కుంకుమ బొట్టులా ఉంది. ఫ్యాను ఇరుసు విరిగింది. నూనె వాసన కూడా వస్తోంది, ఇది మీరు ఏం చేశారు అని హిందీలో అడిగింది.

ఇక్కడ నేను కాస్త నెమ్మదిగా రాయాలి. ఆమె గద్దించలేదు. రోగి ఏం తిన్నాడని డాక్టరు అడిగినట్టు మామూలుగానే అడిగింది. నా ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న మాట నిజమే. కానీ నా నోటి నుంచి ఆ మాట వచ్చింది ఆ భయంతో కాదు. వెనక గుండ్రాల్లో ఇంకో నలుగురు నిలబడి వింటున్నారు, నేను ఇంజనీరునని ఫారంలో రాసి ఉన్నాను. అది నేను చేశానని చెప్పడం నావల్ల కాలేదు. పక్కనున్న బావను చేత్తో చూపించి, ఈయన మా బావ, మగ్గాల్లో పనిచేస్తాడు, నాకు తెలియకుండా షెడ్డులో గాలి పైపు పెట్టి ఊదాడు, పాపం చదువుకోలేదు అన్నాను. హిందీలోనే అన్నాను. బావకు నాకంటే మంచి హిందీ వచ్చు.

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. మాస్కు మీద కళ్లు మాత్రమే కనబడేవి ఆ రోజుల్లో. తర్వాత కౌంటరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"హా బెన్, ముఝ్‌సే హో గయా," అన్నాడు. అవును చెల్లీ, నావల్లే అయిందన్నాడు.

ఆమె తలపంకించింది. మా నాన్న కూడా మగ్గాల్లోనే చేశాడు చాచా, ఆ గాలిలో నీళ్లుంటాయని మీకు తెలియదా అని అడిగింది. బావ వంగి, విరిగిన ఫ్యాను ఇరుసును చూశాడు. ఆమె, నీళ్లు లోపలికి పోతే వారంటీ రాదని, అయితే యజమానికి తెలియకుండా వేరేవాళ్ల చేతిలో ప్రమాదం జరిగిందని ఆ మనిషే రాసిస్తే పై ఆఫీసుకు పంపి అడగగలనని, ఒప్పుకుంటారో లేదో చెప్పలేనని అంది. తెల్లకాగితం ఇచ్చింది. ఉత్తరం నేనే రాశాను, ఇంగ్లీషులో, బావ రాసినట్టుగా. తప్పుల్లేకుండా రాశాను. బావ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు.

"ఏం రాసినవ్ గిండ్ల?"

"నువ్వే ఊదినవని, నాకు తెల్వదని."

"మరి నీ నౌకరి ఉంటదా దీంతోని?"

"ఉంటది అనుకుంట బావా."

ఆయన కాగితాన్ని గోడకు ఆనించి, ఒక్కో అక్షరం కుదురుగా, తెలుగులో సంతకం చేశాడు. దారిలో ఒకచోట చెరుకురసం తాగుదామా అని అడిగాడు. నేను వద్దన్నాను.

పన్నెండు రోజులకు లాప్‌టాప్ కొత్త ఫ్యానుతో, కొత్త బోర్డుతో తిరిగొచ్చింది. డ్రాయింగులు ఎలాగో అందించాను. ఉద్యోగం నిలబడింది, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఆ ఉత్తరం సంగతి ఇంట్లో తెలియకుండా ఉండదు కనుక, బావ కంటే ముందు నేనే, బావే ఊదాడని అక్కకు చెప్పేశాను, నవ్వుతూ, వేళాకోళంగా. అక్క నవ్వి సందులో ఒకామెకు చెప్పింది. ఆమె భర్త బావ షెడ్డులోనే మగ్గం నడిపేవాడు. మర్నాటికి షెడ్డంతా పాకింది. టాంకీ నీళ్లు వదలకుండా పైపు ముట్టుకున్నవాడిని తిట్టే మాస్టర్, తానే ఆ పని చేసి బామ్మర్ది కంప్యూటరును చంపాడన్నారు. ఆయన పైపు జాగ్రత్త అని అరిచినప్పుడల్లా ఎవరో ఒకరు, మాస్టర్, కంప్యూటర్ ఉందా అని వెనక నుంచి అనేవాళ్లట. కొన్నాళ్లకు షెడ్డు యజమాని సేఠ్, బావ దగ్గరుండే కంప్రెసరు గది తాళంచెవి తీసి ఇంకొకరికి ఇచ్చాడు. ఇదంతా అక్క నాకు ఫోనులో నవ్వుతూ చెప్పింది. నేను మస్కట్ చేరి అప్పటికి ఏడాది. ఆ పూట ఒక్క ఫోన్ చేయగలిగేవాడిని. షెడ్డులో ఒకరిద్దరి నంబర్లు నా దగ్గర ఉన్నాయి, సేఠ్ పేరు కూడా తెలుసు. చేయలేదు. మస్కట్ నుంచి ఫోన్ చేసి ఆ చిన్న సంగతి చెబితే బాగుండదేమో అనుకున్నాను. మనసుకు ఇలాంటి కారణాలు వెతకడం పెద్ద పని కాదు.

పోయినేడు అక్క మనవరాలి మొదటి పుట్టినరోజుకు మళ్లీ సూరత్ వెళ్లాను. భోజనాల దగ్గర అల్లుడి వైపు కొత్త చుట్టాలు ఉన్నారు. ఎవరో కదిలించగానే బావ ఆ కథ ఎత్తుకున్నాడు. అవును, ఆయనే. చెంబును లాప్‌టాప్ చేసి, గరిటెను పైపు చేసి, ఊదుతూ, తన వెర్రిని తానే అభినయిస్తూ చెబుతున్నాడు. ఏళ్లు గడిచే కొద్దీ కథ పెరిగింది, ఇప్పుడు అందులో సబ్బునీళ్లు కూడా వచ్చి చేరాయి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను చేతిలోని ముద్ద విస్తర్లో పెట్టేశాను.

"అది బావ చేయలేదు," అన్నాను. "నేనే ఊదిన. బావ వద్దన్నడు. నీళ్లు తీయాలె అని కూడా చెప్పిండు. నేనే ఇనలేదు."

పంక్తిలో అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు అక్క విస్తర్లో కూర వడ్డిస్తూ, వియ్యపురాలి వైపు తిరిగింది.

"సూసినవా వదినా, మా తమ్మునిది గిదే గుణం. ఇన్నేండ్లయినా బావ మీద మాట పడనియ్యడు."

కొత్త చుట్టాలు మెచ్చుకోలుగా నా వైపు చూశారు. అక్క అల్లుడు, మామయ్య చాలా గొప్పవారని అన్నాడు. నేను మళ్లీ చెప్పబోయాను, ప్రమాణం చేయబోయాను. చెప్పిన కొద్దీ నేను మరింత మంచివాడినైపోతున్నానని అర్థమై ఆగిపోయాను. చేతులు కడుక్కునే చోట బావ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇడిసిపెట్టు బామ్మర్దీ. ఇప్పుడు నువ్వు ఆ కత గుంజుకుంటే నాకు చెప్పుకోనీకి ఏముంటది?"

నవ్వుతూనే అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఈసారి మాస్కు లేదు, అయినా అందులో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు. చెరిగిపోయిన మాటో, మానిపోయిన గాయమో, లేక అలవాటైపోయిన బరువో, ఏదైనా కావచ్చు. ఆ కౌంటరు దగ్గర నిజం చెప్పడానికి నాకు అర నిమిషం చాలేది. ఆ అర నిమిషం దాటిపోయాక, తర్వాత వచ్చిన ఇన్ని సంవత్సరాలూ కలిసి కూడా దాన్ని నాకు తిరిగి ఇవ్వలేకపోయాయి.