ఒక్క రోజు గడువు

మా బడి వాళ్ళు ఈ ఏడు పూర్వ విద్యార్థినుల సంచికలో లెనోరా ప్రూయిట్ ఫొటో వేశారు. "మన అమ్మాయి" అట! బాల్టిమోర్‌లో ఇరవయ్యేళ్ళుగా మందుల షాపు నడుపుతున్న మనిషి వీళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చిందా? సిగ్గుండాలి. వాళ్ళకే కాదు, నాక్కూడా.

లెనోరా ఆరో తరగతిలో స్కాలర్‌షిప్ మీద మా ఆడపిల్లల బడికి వచ్చింది. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. అది రెండు బస్సులు మారి ఏడున్నరకల్లా వచ్చేసేది. గళ్ళ స్కర్టు పొడవు కొలవడానికి మమ్మల్ని మోకాళ్ళ మీద నిలబెట్టే టీచర్ని అనుకరిస్తూ, అచ్చం ఆవిడలాగే ముక్కుతో మాట్లాడి చూపించి, కడుపుబ్బ నవ్వించేది. లెక్కల్లో దాని దరిదాపులకు వచ్చేవాళ్ళు లేరు. నాకు లెక్క రాకపోతే "ఇలా ఇవ్వు మొద్దూ!" అని కాగితం లాక్కుని, అర్థమయ్యేదాకా వదిలేది కాదు.

మా బడి గొప్పంతా ఒక ప్రమాణం మీద నడిచేది. పరీక్ష గదిలో టీచరు ఉండదు. కాగితం చివర "నేను కాపీ కొట్టలేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఎవరైనా కాపీ కొట్టడం చూస్తే నేరుగా ఫిర్యాదు చేయకూడదు. ముందు ఆ పిల్లకే చెప్పి, తనంతట తాను ఒప్పుకోవడానికి ఒక రోజు గడువివ్వాలి. మర్యాదస్తుల బడి కదా!

పదకొండో తరగతిలో ఒక బుధవారం, లెక్కల పరీక్ష అయ్యాక, లాకర్ల దగ్గర లెనోరా బ్లైత్‌ని ఆపింది. బ్లైత్ వాళ్ళమ్మ బడి ట్రస్టుకి అధ్యక్షురాలు. లాకర్ల వరసకు ఇవతల బూట్లు మార్చుకుంటున్న నేను వాళ్ళకు కనిపించలేదు.

"నా కాగితంలోకి చూసి రాశావు. రేపు మధ్యాహ్నంలోగా నువ్వే వెళ్ళి చెప్పు" అంది లెనోరా.

"పిచ్చా నీకు? ఒక్క లెక్కేగా చూశాను! దానికింత రాద్ధాంతమా?" అంది బ్లైత్.

"ఒక్కటైనా అంతే. రేపటిదాకా ఆగుతాను."

ఆగింది, పిచ్చిది! ఆ సాయంత్రమే బ్లైత్ ప్రిన్సిపాల్ మిసెస్ హాల్వర్సన్ దగ్గరికి పోయి, లెనోరాయే తన కాగితం చూసి రాసిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండు కాగితాల్లోనూ ఏడో లెక్క ఒకేలా తప్పు. ఎవరు ఎవరిది చూశారో కాగితం చెప్పదుగా!

గురువారం మధ్యాహ్నం విచారణ, మా తరగతంతా హాజరు కావాలి. పొద్దున్నే నేను బ్లైత్‌ని పట్టుకుని, "నిన్న నువ్వన్నది విన్నాను. వెళ్ళి ఒప్పుకో. రేపు పొద్దుటిదాకా చూస్తాను" అన్నాను. చూడండి నా తెలివి! ఐదేళ్ళు నూరిపోసిన నియమం నరనరానా పట్టేసింది. భయం కూడా ఉందిలెండి, అబద్ధమెందుకు? నియమం చాటున దాక్కోవడం తేలిక.

"తప్పు ఒప్పుకుని సంతకం పెట్టు. వారం సస్పెన్షన్‌తో పోతుంది. లేదంటే స్కాలర్‌షిప్ ఉండదు" అన్నారు విచారణలో ప్రిన్సిపాల్, లెనోరాతో.

"చెయ్యని పనికి సంతకం పెట్టను మేడమ్" అంది లెనోరా. తర్వాత మావైపు తిరిగింది. "మీలో ఎవరైనా చూసినవాళ్ళు, విన్నవాళ్ళు ఉంటే చెప్పండే!"

ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. నా మొహంలోకి కూడా. నేను చేతి గడియారం చూసుకున్నాను.

శుక్రవారం ఎనిమిది కొట్టగానే వెళ్ళి ప్రిన్సిపాల్‌కి అంతా చెప్పాను. "ఆ అమ్మాయి నిన్ననే పుస్తకాలు అప్పగించి వెళ్ళిపోయింది కారిన్. అయిపోయినదాన్ని మళ్ళీ కెలకడమెందుకు?" అన్నారావిడ, చల్లగా. ఆ బల్ల తిరగెయ్యాలన్నంత మండింది. తిరగెయ్యలేదు. "థాంక్యూ మేడమ్" అని బయటికొచ్చాను.

శనివారం లెనోరా వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో మొక్కజొన్న రొట్టె ముక్కలు కోస్తోంది. గుమ్మంలో నిలబడే అన్నీ చెప్పేశాను. విన్నానని, బ్లైత్‌కి గడువిచ్చానని, గడువు తీరాకే వెళ్ళి చెప్పానని. వెక్కివెక్కి ఏడ్చాను. లెనోరా కత్తి పక్కన పెట్టింది.

"దానికి ఒక రోజిచ్చావు. నాకు ఒక్క నిమిషం ఇవ్వలేకపోయావా కారిన్?"