మాదాపూర్ బక్క తోడేలు

తొంభైల చివర, మాదాపూర్‌లో పెద్ద పెద్ద అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో, ఒక మేడ మీద అద్దె గదుల్లో మా ఆఫీసు ఉండేది. బడిపిల్లల కోసం జంతువుల మీద సీడీ తయారుచేసేవాళ్లం. బొమ్మలు వేసేవాళ్లు వేరు, రాసేదాన్ని నేను. మా ఓనరు గారిది ఒకటే పద్ధతి: ఒక జంతువుకి ఒక స్క్రీను, ఒక బొమ్మ, ఐదు వాక్యాలు. ఏనుగైనా అంతే, ఎలకైనా అంతే. ఆ పద్ధతితో నా ప్రాణం విసిగిపోయింది.

తోడేలు దగ్గరికొచ్చేసరికి మరీను. లైబ్రరీలో వారం రోజులు కూర్చుని పుస్తకాలు తిరగేసి రాసుకొచ్చాను. మంచు దేశాల తోడేళ్లు భారీగా ఉంటాయి, ఒళ్లంతా దట్టమైన బొచ్చు, కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి. ఆ చలిలో ఒంట్లో వేడి నిలవాలంటే ఆ మాత్రం ఒళ్లు కావాలి మరి. ఎడారి వైపు వస్తే ఒళ్లు చిన్నదవుతుంది, వేడి బయటికి పోవడానికి చెవులు పెద్దవవుతాయి. మన దక్కను మెట్టల్లో తిరిగేది బక్కది. పొట్టి వెంట్రుకలు, ఎండుగడ్డి రంగు, పొడుగు కాళ్లు. ఇవన్నీ తోడేళ్లే, కనీసం రెండు బొమ్మలైనా పెడదామండీ అన్నాను.

"ఏంటండీ మీరు! తోడేలంటే చూడగానే తోడేలని తెలియాలి. ఈ బక్కదాన్ని పెడితే పిల్లలు కుక్కనుకుంటారు," అన్నారు ఓనరు గారు.

ఆయన పెట్టించిన బొమ్మలో మంచు. మంచులో మెడ చుట్టూ ఇంత జూలేసుకుని నిలబడ్డ బూడిదరంగు తోడేలు. మన పిల్లలకి మన తోడేలు చూపించడానికి ఏమొచ్చిందండీ అని మూడు నెలలు గొడవపడ్డాను. "చూద్దాంలెండి," అనేవారు. ఆ 'చూద్దాంలెండి' వింటే ఒళ్లు మండిపోయేది. పొద్దున్నే కంప్యూటరు పెట్టగానే ఆ మంచు తోడేలే నా మొహంలోకి చూస్తూ ఉండేది.

మా మేడ వెనక బండలు, ముళ్లకంప. అక్కడొక పెద్దాయన గొర్రెల్ని మేపేవాడు. చుట్టూ జాగాలన్నిటికీ గోడలు లేచిపోగా మిగిలింది ఆ కాస్తే. టీ కోసం కిందికి దిగినప్పుడు ఆయనతో మాట్లాడేదాన్ని. ఆ సంవత్సరం మందలో నాలుగే పిల్లలు పుట్టాయి. రెండింటిని తోడేలు ఎత్తుకుపోయింది.

"ఎవ్వరికి జెప్పినా నవ్వుతున్రు బిడ్డా. ఈడ తోడేలేందంటరు. ఉన్న రెండు పిల్లలు గూడ పోతే ఇగ మంద ఎట్ల నిలుస్తది?" అన్నాడొకరోజు.

మా మేడ వాచ్‌మన్ నవ్వాడు. మా ఓనరు గారైతే, "హైటెక్ సిటీలో తోడేలా! ఊరకుక్క అయ్యుంటుందండీ," అని తేల్చేశారు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా, తీర్పులు చెప్పడం దేనికి? నేను పెద్దాయన దగ్గరికి వెళ్లి, మన వైపు తోడేళ్లు ఎలా ఉంటాయో వివరంగా చెప్పి, మీరు చూసింది తోడేలే అన్నాను. ఆయన సంతోషపడ్డాడు. నాకూ కాస్త గొప్పగానే అనిపించింది.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, "జర గొర్లను చూస్తుంటవా బిడ్డా? బోరింగు కాడ నీళ్లు పట్టుకొస్త," అన్నాడు.

"వెళ్లిరండి పెద్దయ్యా, నేనున్నాను కదా," అన్నాను.

బండ మీద కూర్చుని, ఓనరు గారిని ఈసారి ఏ మాటతో కడిగెయ్యాలా అని మనసులో కూర్చుకుంటున్నాను. కంప పక్క నుంచి ఒక కుక్క వచ్చింది. ఆగి నా వైపు చూసింది. నేను ఛీ అని కూడా అనలేదు. గొర్రెలు ఒక్కసారిగా బెదిరి చెదిరాయి. ఈ ఊరకుక్కల గోల ఒకటి అని విసుక్కున్నానే తప్ప లేవలేదు. పిల్లను మెడ దగ్గర కరుచుకుని అది బండలెక్కుతుంటే అప్పుడు కేక పెట్టాను.

పెద్దాయన బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కర్ర పట్టుకుని బండల అవతలి దాకా వెళ్లి, చాలాసేపటికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తల్లి గొర్రె అటూ ఇటూ తిరుగుతూ అరుస్తోంది.

"ఎట్లుండె?" అని అడిగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. బక్కగా ఉంది, పొట్టి వెంట్రుకలు, ఎండుగడ్డి రంగు... అవి లైబ్రరీలో నేను రాసుకొచ్చిన మాటలే. మూడు నెలలు అందరి మీదా ఎగిరాను. తీరా అది కళ్లెదుట నిలబడితే, మంచూ జూలూ లేవని నేనే కుక్కనుకున్నాను.

"కుక్కేమో అనుకున్నాను పెద్దయ్యా," అన్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగిలిన ఒక్క పిల్లను ఎత్తి గొంగడిలో పెట్టుకున్నాడు.

"తక్కినోళ్లకైతే అప్పజెప్పకపోదును బిడ్డా. నీకు తోడేలు ఎరుకనే అని పోయిన," అన్నాడు.