హారతి ఆర్పిన చేయి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను దేవుడి గదిలో దీపం పెడుతుంటే మా ఆయన ఫోను మోగింది. రెండు మాటలు విని ఆయన గోడకు ఆనుకున్నారు. "అన్న పోయిండు" అన్నారు. మా బావ, అంటే మా ఆయన తోడబుట్టిన అన్న, నాలుగు రోజులు దవాఖానలో ఊపిరి కోసం కొట్లాడి వెళ్లిపోయారు. నా చేతిలో వత్తి ఇంకా వెలిగించలేదు. దాన్ని అలాగే ప్రమిద పక్కన పెట్టి బయటికి వచ్చాను.

మాది మగ్గాల ఇల్లు. బావ మాత్రం మగ్గం ఎక్కకుండా చిన్నప్పుడే లారీ ఇంజన్లకు డీజిల్ అందించే పంపుల పని నేర్చుకున్నారు. ఎనుమాముల మార్కెట్ దారిలో, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఆయన దుకాణం. మిర్చి దించిపోయే లారీలు అక్కడ ఆగేవి. నేను కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఏ పూజ జరిగినా ఆయన గడప అవతలే కూర్చునేవారు. రంపపు పొట్టుతో, సబ్బుతో ఎంత రుద్దినా ఆ చేతుల డీజిల్ వాసన పోయేది కాదు. "దేవునికి గీ వాసన ఎందుకమ్మా" అని ప్రసాదం కూడా కాగితంలోనే పెట్టించుకునేవారు.

ఆయన కుడి చూపుడువేలు సగమే ఉండేది. నాజిల్, అంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మే మొన, బాగుందో లేదో చూడాలంటే చేత్తో పంపు కొట్టి, డీజిల్ ఎలా చిమ్ముతుందో గమనిస్తారు. అది పొగమంచులాగా మెత్తగా కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి దానికి అడ్డంగా వేలు పెట్టారట. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మం లోపలికి దూరిపోయిందట. "మొదలు నొప్పే లేకుండె. చీమ కుట్టినంత కూడ లేకుండె. మూడొద్దులకు ఏలు తీసేసిండ్రు" అని చెప్పేవారు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా చెప్పేవారో నాకు అంత భయం వేసేది.

ఈ మధ్య లారీల కంటే కార్లు ఎక్కువ వచ్చేవి. టర్బో కార్లు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టేదని ఆయనే నాకు చెప్పారు. గాలి పెంచితే పెట్రోలు కూడా అంతకంత పెంచాలి. దానికోసం పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయమని కుర్రకారు వెంటపడేవారు. ఇంజెక్టర్లు మాత్రమే మార్చి పంపమంటే బావ పని పట్టేవారు కాదు. టాంకీలో పంపు, అక్కడి నుంచి వచ్చే పైపు, రబ్బరు రింగులు, పెట్రోలు లెక్క చూసే కంప్యూటరు, అన్నీ దానికి తగ్గట్టు ఉండాల్సిందే. చాయ్ తీసుకెళ్లినప్పుడు ఒకసారి ఎందుకని అడిగితే ఇలా అన్నారు: "తొక్కినప్పుడు పెట్రోలు అందకపోతే లోపల ఎండి ఎర్రగ కాగుతది. ఎండిన ఇంజను మనకు చెప్పి కరగదమ్మా."

మా బిడ్డను హైదరాబాదులో ఇచ్చాం. అల్లుడికి కారంటే ప్రాణం. పోయిన ఏడు ఇద్దరూ వచ్చారు, తెల్లారి పాలంపేటలో రామప్ప దర్శనానికి వెళ్దామని. అంతకు వారం ముందే అల్లుడు హైదరాబాదులో ఎవరి దగ్గరో పెద్ద ఇంజెక్టర్లు వేయించాడు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బండికి పెద్ద పని ఏది చేయించినా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు కర్పూర హారతి ఇచ్చాకే ప్రయాణం.

తెల్లారి బయల్దేరేముందు బిడ్డ ముందు సీట్లో కూర్చుంది. అల్లుడు ఇంజను స్టార్ట్ చేసి, చప్పుడు వినమన్నట్టు రెండుసార్లు గట్టిగా తొక్కాడు. నేను కర్పూరం వెలిగించి పళ్లెం పట్టుకుని బోనెట్ మీదికి వంగాను. ఏదో వాసన వచ్చింది. కొత్త పని కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఈరోజు దాకా ఆ అనుకోవడం నన్ను వదల్లేదు.

సాగనంపడానికి వచ్చిన బావ గేటు దగ్గర చాయ్ తాగుతున్నారు. గ్లాసు గోడ మీద పెట్టి గబగబా వచ్చి, నా చేతిలోని పళ్లెం వెనక్కి లాగి, మండుతున్న కర్పూరం మీద అరచేయి అదిమిపెట్టారు. మంట ఆరేదాకా తీయలేదు. "ఇంజను బందు చెయ్యి" అన్నారు అల్లుడితో. బిడ్డను దిగి దూరం పొమ్మన్నారు.

మా ఇంట్లో హారతి దానంతట అది కొండెక్కాలి గానీ ఎవరూ ఆర్పరు. అల్లుడి ముఖం మాడిపోయింది. "ఏంది మామా, దేవుని హారతి ఆర్పుతరా ఎవలన్న?" అన్నాడు. బావ బోనెట్ ఎత్తారు. ఒక ఇంజెక్టరు మొదలు దగ్గర పెట్రోలు ఊరి, బొట్టు బొట్టుగా కిందికి జారుతోంది. దానికి జానెడు దూరంలో కాలుతున్న ఇనుము.

"ఆర్పిన పాపం నాకే తాకని అమ్మా. పిల్ల కార్ల కూసున్నది" అన్నారు నాతో.

ఆ ప్రయాణం ఆగిపోయింది. మూడు రోజులు బావ ఆ కారు మీదే పనిచేశారు. హైదరాబాదులో వేసినవాళ్లు రబ్బరు రింగులకు చుక్క నూనె కూడా రాయకుండా పొడిగా దూర్చారట, అవి కోసుకుపోయాయి. అన్నీ మార్చి, పైపు కూడా కొత్తది వేశారు. కంప్యూటరులో ఈ ఇంజెక్టర్ల లెక్క ఇంకా ఎక్కించలేదని, అది అయ్యేదాకా మెల్లగా నడపమని, ఇంతకంటే పెద్దవి పెట్టవద్దని అల్లుడికి ఒకటికి రెండుసార్లు చెప్పారు. కాలిన చేతికి నేను కలబంద రాస్తుంటే నవ్వారు. "గడప బయట కూసున్నోన్ని. ఇగ వాకిట్లకన్న రానిస్తడా మీ దేవుడు?"

దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టి ఉన్నప్పుడు కూడా నా ఫోను అడిగి తీసుకుని అల్లుడితో మాట్లాడారు. కంప్యూటరు పని అయిందా అని అడిగారు. అయిందన్నాడు అల్లుడు. బావ కళ్లు మూసుకున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు.

పెద్దకర్మకు బిడ్డా అల్లుడూ ఆ కారులోనే వచ్చారు. వంటింట్లో విస్తర్లు తుడుస్తూ బిడ్డ మెల్లగా చెప్పింది. "మల్ల ఇంజెక్టర్లు ఇంకా పెద్దయి ఏపిచ్చిండమ్మా. పంపు కూడ. పెదబాపు దవాఖానల ఉన్నప్పుడే."

"వాసన వస్తాందా?" అన్నాను.

"అద్దాలు దించుకొని వచ్చినం."

అల్లుడితో నేను అన్నం తిన్నారా అన్నదానికంటే ఎక్కువ ఎన్నడూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఫ్రిజ్ మీదున్న కారు తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నాను. "అల్లుడా, ఇయ్యాల బస్సుల పోండ్రి. కారు ఈడ్నే ఉండని" అన్నాను. గంత దూరం నుంచి మంచిగనే వచ్చింది కదా అత్తమ్మా అని నవ్వాడు. నేను ముడి విప్పలేదు. వాళ్లు బస్సుకే వెళ్లారు.

కారును స్టార్ట్ చేయనివ్వకుండా తోయించి బావ దుకాణం ముందు పెట్టించాను. చూడమని ఇద్దరు మెకానిక్‌లను పిలిచాను. ఇద్దరూ ముందు స్టార్ట్ చేసి చూద్దామన్నారు. బావ ఏనాడూ అలా అనలేదు. ముందు వంగి వాసన చూసేవారు. ఇద్దరినీ పంపేశాను. ఆదివారం వస్తానని అల్లుడు ఫోను చేశాడు. తన దగ్గర ఇంకో తాళంచెవి ఉందట.

నిన్న సాయంత్రం వాన పడింది. ఈ పొద్దున గుడికి వెళ్తూ ఆగి చూశాను. కారు వెనక చక్రాల మధ్య నిలిచిన నీళ్ల మీద ఊదా, పసుపు, నీలం రంగులు పొరలా తేలుతున్నాయి. వంగి వాసన చూశాను, పెట్రోలే. పక్కనే పొయ్యి ముట్టించబోతున్న చాయ్ బండి అతన్ని బతిమాలి అతని బండిని దూరం జరిపించాను. తిరిగి వచ్చేసరికి ఆ రంగులు ఇంకొంచెం వెడల్పయి, మూసిన షట్టరు కింది నుంచి సన్నగా దుకాణం లోపలికి పారుతున్నాయి.